బొట్టు పెట్టిన కెమెరా

ఇంట్లో మంచం మీద కూర్చుని, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని, ఎక్కడో ఉన్న ఆఫీసు కంప్యూటరును నడిపే పిల్లలు ఇప్పుడు వీధికి నలుగురున్నారు. మా పక్క వాటాలో అమ్మాయి బెంగుళూరు ఆఫీసు పని నరసరావుపేట నుంచే చేస్తుంది. మధ్యలో లేచి పప్పుకు తాలింపు కూడా పెడుతుంది. నాకు ఆ పని అంటే భయమని తెలిసి, "ఇందులో భయపడేదేముంది ఆంటీ?" అని అడిగిందొకసారి. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. ఆ అమ్మాయికీ, ఆ వయసు వాళ్ళకీ ఇప్పుడు జవాబు రాస్తున్నాను.

నేను ముప్పై ఒక్క సంవత్సరాలు వినుకొండ రోడ్డు మీద ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో పనిచేశాను. చేరినప్పుడు గుమాస్తాను, దిగిపోయినప్పుడు మేనేజర్ని. పని మాత్రం మొదటి నుంచీ ఒకటే. ఏ రైతు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఏ చాంబర్లో ఉన్నాయో, ఏ చాంబరు ఎంత చల్లగా ఉందో ఎప్పుడడిగినా చెప్పగలగాలి. చల్లదనం తగ్గితే మిర్చి రంగు పోతుంది. రంగు పోతే రేటు పోతుంది. గురజాల నుంచి, రొంపిచెర్ల నుంచి రైతు వచ్చి గేటు ముందు కూర్చుంటాడు. అందుకని రోజూ సాయంత్రం చాంబర్ల వేడి చూసి నా డైరీలో రాసుకోకపోతే నాకు అన్నం సయించేది కాదు.

ఆ చల్లదనమంతా అమోనియా గ్యాసుది. మా అందరి జీతాలు దాని మీదే, మా అందరి భయమూ దానిదే. కాస్త లీకైతే కళ్ళు మండుతాయి. ఎక్కువైతే మనిషి నిలబడ్డ చోటే కూలిపోతాడు. ఆ యంత్రాలుండే మిషన్ రూము ఆవరణలో ఒక పక్క, మా ఆఫీసు గది ఇంకో పక్క ఉండేవి. మిషన్ రూము ఆపరేటరు మంచి పనివాడు. కానీ ఇరవై ఏళ్ళు ఆ గ్యాసు పీల్చి పీల్చి వాసన తెలియకుండా పోయింది. "నా ముక్కు నాకంటే ముందే రిటైరైంది అక్కా," అనేవాడు. అనుమానం వస్తే భార్యను కేకేసేవాడు. వాళ్ళ కాపురం గేటు పక్క గదిలోనే.

"ఏమే, ఓసారి ఇట్టా వచ్చి వాసన చూసిపో!"

"నీ ముక్కుకి కూడా నన్నే పెట్టుకున్నావా? జీతం నాకు సగం ఇప్పించు మీ అక్కతో," అంటూ ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి, తలుపు దగ్గర నిలబడి చూసి, లేదనో ఉందనో చెప్పి పోయేది. ఆ తలుపు దాకా వెళ్ళడం ఆమెకు వంటింట్లోకి వెళ్ళినంత అలవాటు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

నా రిటైర్మెంటుకు ముందరి ఏడు వినాయక చవితి వెళ్ళిన వారంలో బాత్రూములో జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. కట్టు కట్టారు. బస్సెక్కి రావడం కుదరదన్నాను. యజమాని ఒప్పుకోలేదు.

"మీరు లేకపోతే ఎట్టమ్మా? ఇంట్లో ఉండే చూడండి. కరోనా అప్పుడు దేశమంతా చూళ్ళా?" అని గుంటూరు నుంచి ఒక కంప్యూటరు కుర్రాణ్ణి మా ఇంటికి పంపించారు.

అతను నా భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచి చెప్పాడు. "మేడం, మీ ఆఫీసు కంప్యూటర్లన్నీ ప్రహరీ గోడ లోపల ఉన్నాయనుకోండి. రోడ్డు మీద పోయేవాడికి కనపడవు. మీ ఒక్కరికే ఓ దొడ్డిదారి పెడుతున్నా."

"దొడ్డిదారంటే దొంగకు కూడా దారే కదా బాబూ."

"తాళాలు రెండు మేడం. ఒకటి మీ బుర్రలో ఉండే పాస్‌వర్డు. రెండోది మీరొచ్చిన ప్రతిసారీ మీ ఫోనుకొచ్చే నంబరు. రెండూ కుదిరితేనే తలుపు."

"బుర్రలో తాళం తుప్పు పడితే?"

"అప్పుడు నేనుంటాగా," అని నవ్వాడు. తర్వాత ముఖ్యమైన మాట చెప్పాడు. నాకు ఇక్కడ కనపడేది అక్కడి తెరే. నేను ఇక్కడ మౌసు కదిపితే అక్కడ బాణం కదులుతుంది. అక్కడెవరైనా కదిపితే నాకూ కదులుతుంది. బాణం ఒకటే, చేతులు రెండు. యంత్రాలను ఆపే బొత్తాలు, నడిపే బొత్తాలు మాత్రం నాకు బూడిద రంగులోనే కనపడేవి. వాటిని నొక్కే హక్కు ఆపరేటరుది. అంకెలు చూడటం, కెమెరాలు చూడటం, ప్రమాదమొస్తే మోగే హూటరును ఆపడం, పెట్టడం వరకే నాకు ఇచ్చారు.

మొదటి రోజు నేను ఆ దొడ్డిదారిన కలిసిన రెండు నిమిషాలకే ఆపరేటరు ఫోన్ చేశాడు. "అక్కా, మీ కంప్యూటర్లో దయ్యం దూరింది. బాణం దానంతటదే తిరుగుతుంది!"

"దయ్యం కాదురా, నేను."

"మీరా? మీరైతే ఇంకా భయం," అన్నాడు. వెనక నుంచి అతని భార్య నవ్వు వినపడింది.

ఇలా ఒక నెల గడిచింది. దసరా వచ్చింది.

ఆయుధపూజ మా దగ్గర గట్టిగా చేస్తారు. ఆ ఉదయం కంప్రెసర్లు ఆపేసి, కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, దండలు వేస్తారు. ఆ రోజంతా, ఆ రాత్రంతా యంత్రాలకు సెలవు. చాంబర్ల తలుపులు తీయకపోతే ఒక్క రాత్రికి చల్లదనం ఎక్కడికీ పోదు. పూజ అయ్యాక పనిముట్టు ఏదీ ముట్టుకోకూడదు. విజయదశమి ఉదయం కొబ్బరికాయ కొట్టి మళ్ళీ చేతబట్టాలి. ఆఫీసు కంప్యూటరును ఆర్పరు కానీ, తెరకు బొట్టు పెట్టి దాని మీద కొత్త తువాలు కప్పుతారు.

హూటరు సంగతి కూడా చెప్పాలి. మిషన్ రూములో పొగకూ గ్యాసుకూ కలిపి ఒకటే హూటరు. అంతకు కొన్నేళ్ళ ముందు ఒక దసరాకి సాంబ్రాణి పొగకు అది మోగింది. పంతులుగారు మంత్రం మధ్యలో హారతి పళ్ళెం వదిలేసి గేటు దాకా పరిగెత్తారు. ఆయన అంత వేగంగా వెళ్ళగలరని అప్పటిదాకా మాకెవరికీ తెలియదు. అప్పటి నుంచి పూజకు ముందు కంప్యూటర్లో హూటరు ఆపేయడం ఆనవాయితీ అయింది. పూజ అయ్యాక కంప్యూటరును ముట్టుకోకూడదు కాబట్టి, అది మర్నాడు ఉదయం దాకా ఆగే ఉండేది. అంటే ఏడాదికి ఒక్క రాత్రి మా గ్యాసుకు కాపలా దేవుడే. ఆ మాట మాలో ఒక్కరం కూడా పైకి అనలేదు. పండగ పూట అలాంటి మాట అనరు.

ఆ ఉదయం యజమాని పూజ ఫొటో మా ఆఫీసు గ్రూపులో పెట్టి, తాను అమ్మవారి దర్శనానికి విజయవాడ బయలుదేరారు. ఫొటోలో కంప్రెసరు ముందు పెద్ద పళ్ళెం. పళ్ళెంలో స్పానర్లు, టెస్టరు, స్క్రూడ్రైవర్లు, వాటి మధ్య ఆపరేటరు సెల్‌ఫోను. దానికీ పసుపు, దానికీ బొట్టు. 'ఇదొక ఆయుధమా వీడికి!' అని నవ్వుకుని పక్కన పెట్టాను. ఆ ఇంట్లో ఉన్నది ఆ ఒక్క ఫోనే.

సాయంత్రం దీపం పెట్టే వేళకు నాకు మనసాగలేదు. యంత్రాలు ఆపి ఉన్నాయి, చాంబర్లు ఎలా ఉన్నాయో. చూడటం ముట్టుకోవడం కాదు కదా అని నాకు నేనే తీర్పు చెప్పుకుని, ఎడమచేత్తో పాస్‌వర్డు కొట్టి, ఫోనుకొచ్చిన నంబరు కొట్టి, దొడ్డిదారిన లోపలికి వెళ్ళాను.

చాంబర్లు బాగానే ఉన్నాయి. అంకెలు డైరీలో ఎక్కించుకుంటూ కిందికి వచ్చాను. అట్టడుగున మిషన్ రూములో గ్యాసు ఎంతుందో చూపే గడి ఉంటుంది. అందులో ఎప్పుడూ సున్నానో, ఒకటో రెండో ఉండేది. ఆ రోజు ముప్పై రెండుంది. గడి ఎర్రగా ఉంది. నేను చూస్తుండగానే ముప్పై ఆరైంది. పక్కన గంట బొమ్మ మీద అడ్డగీత. అంటే అక్కడ ఏ మోతా లేదు. ఆవరణంతా పండగ నిద్రలో ఉంది.

ఆపరేటరుకు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. యజమానికి చేస్తే స్విచ్ఛాఫ్. గుడి దగ్గర కౌంటర్లో ఇచ్చి క్యూలో నిలబడి ఉంటారు. గేటు దగ్గర కాపలా మనిషి పండక్కి ఊరెళ్ళాడు.

మిషన్ రూము తలుపు మీద కెమెరా ఒకటుంది. దాన్ని తెరిచాను. తెరంతా ఎరుపు.

రక్తమనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది కానీ, ఆ క్షణాన అలాగే అనుకున్నాను. కాస్త తేరుకున్నాక అర్థమైంది. అది కుంకం. పొద్దున పనిముట్లన్నిటికీ బొట్లు పెడుతూ కెమెరాకీ సరిగ్గా అద్దం మీద పెట్టారు. గంధమూ, దాని మీద కుంకమూ. ఒక పక్క అంచున వేలెడంత సందు మిగిలింది. ఆ సందులోంచి సిమెంటు నేల, తలుపు కింది చెక్క మాత్రం కనపడుతున్నాయి.

గ్యాసు యాభై దాటింది. ఫోన్ ఎత్తరేమిరా అని తిట్టుకుంటూ మూడోసారి చేశాను. నాలుగోసారి చేశాను. నాలుగోసారి మోగుతుండగా ఆ సందులోకి ఆకుపచ్చ చీర అంచు ఒకటి వచ్చింది. కదిలింది. తలుపు వైపు కదిలింది.

అప్పుడు వెలిగింది నాకు. ఫోను పళ్ళెంలో ఉంది. పళ్ళెం మిషన్ రూములో ఉంది. యంత్రాలు ఆగి ఉన్నాయి కాబట్టి దాని మోత ఆవరణంతా వినపడుతోంది. నేను ఇక్కణ్ణుంచి పిలుస్తున్నాను. ఆమె ఆ పిలుపుకు వెళుతోంది. తలుపు తీస్తే, పొద్దుటి నుంచి మూసిన గదిలో పేరుకున్న గ్యాసంతా ఒక్కసారి ముఖం మీద పడుతుంది.

ఫోను కట్ చేశాను. చేతిలోంచి అది బల్ల మీద పడింది.

ఆకుపచ్చ అంచు ఆగింది. అక్కడే నిలబడింది. వెళ్ళిపోలేదు.

హూటరు. హూటరు మోగితే పారిపోతుంది. ఎడమచేత్తో మౌసు పట్టుకుని గంట బొమ్మ మీదికి బాణాన్ని తోశాను. సగం దారిలో తెర గడ్డకట్టుకుపోయింది. చీర అంచు గడ్డకట్టింది, అంకె యాభై ఎనిమిది దగ్గర గడ్డకట్టింది. తర్వాత తెర నల్లబడి, సంబంధం తెగిపోయింది, మళ్ళీ కలవండి అని వచ్చింది.

మళ్ళీ పాస్‌వర్డు. కుడిచేయి ఉంటే కళ్ళు మూసుకుని కొడతాను. ఎడమచేత్తో ఒక అక్షరం తప్పింది. తప్పు అంది. మళ్ళీ కొట్టాను. ఫోనుకు నంబరు రావాలి. రాలేదు. ఆ నంబరు కోసం నేను చూసినంతగా నా పదో తరగతి ఫలితాల కోసం కూడా చూడలేదు. దొంగ రాకూడదని పెట్టిన రెండో తాళం ముందు నేనే దొంగలా నిలబడ్డాను. ఈ లోపల అక్కడ తలుపు తెరుచుకుందో లేదో నాకు తెలియదు. మూడున్నర కిలోమీటర్ల దూరం. పరిగెత్తుకుని వెళ్ళినా అందని దూరం, అయినా నా ముందు బల్ల మీదే జరుగుతున్నట్టుంది.

నంబరు వచ్చింది. తెర వచ్చింది. అంకె డెబ్భై ఒకటి. కెమెరాలో సందు ఖాళీ. ఆకుపచ్చ లేదు. తలుపు కింది చెక్క ఉన్న చోటే ఉందా, కదిలిందా? ఆ కుంకంలోంచి తేల్చుకోలేకపోయాను. గంట బొమ్మ నొక్కాను. అడ్డగీత పోయింది. మోగుతున్నట్టు తెర మీద అక్షరాలు వచ్చాయి. మా ఇంట్లో మాత్రం గోడ గడియారం చప్పుడు తప్ప ఏమీ లేదు. అదే అన్నిటికంటే భయంకరం. అక్కడ చెవులు పగిలే మోత, ఇక్కడ నిశ్శబ్దం. ఫైరు స్టేషనుకు ఫోన్ చేసి చిరునామా చెప్పాను. వస్తున్నాం అన్నారు.

ఫోను పెట్టేసరికి బాణం కదులుతోంది. నేను కదపడం లేదు.

అక్కడెవరో తువాలు తీసి మౌసు పట్టుకున్నారు. బాణం తిన్నగా గంట మీదికి వెళ్ళి నొక్కింది. హూటరు ఆగింది. నేను మళ్ళీ నొక్కాను, మోగింది. బాణం గింజుకుంది, హూటరు ఆగింది. మళ్ళీ మోగించాను. అది ఆపరేటరే. హూటరు ఆపడం తెలిసినవాడు అక్కడ అతనొక్కడే. ఇంకా సాంబ్రాణి పొగే అనుకుంటున్నాడు. పక్కనే గ్యాసు గడి ఎర్రగా ఉన్నా చూడటం లేదు. ఒక్క బాణాన్ని ఇద్దరం చెరో పక్కకు లాగుతున్నాం.

మౌసు వదిలేసి, రాసుకునే పేజీ ఒకటి తెరిచి, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టాను. ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ. 'నేను అక్కని. గ్యాసు లీకు. మిషన్ రూముకి పోవద్దు.'

బాణం ఆగిపోయింది. కాసేపటికి నా మాటల కింద అక్షరాలు పడ్డాయి. అతనూ ఒంటి వేలితోనే.

'అక్కా మీరు ఏడ ఉన్నారు'

'ఇంట్లో. నీ భార్య ఏది?'

జవాబు లేదు. బాణం కదల్లేదు. అక్షరం పడలేదు. మనిషి లేచి పరిగెత్తాడని అర్థమైంది. ఎక్కడికి పరిగెత్తాడో కూడా అర్థమైంది. వాసన తెలియని మనిషి. పోవద్దని రాసిన నేనే, ఆమె ఏదని అడిగి అతన్ని అక్కడికే పంపించాను. 'లోపలికి వెళ్ళకు, గ్యాసు ముసుగు తొడుక్కో' అని కొడుతూనే ఉన్నాను. చదివేవాళ్ళు లేరని తెలిసీ కొడుతూనే ఉన్నాను. అంకె ఎనభై నాలుగు. ఎర్రటి కెమెరాలో ఏ నీడా లేదు.

ఎంతసేపో చెప్పలేను. అంకెలన్నీ రాసి పెట్టుకునే నేను ఆ సేపును మాత్రం ఎక్కడా రాసుకోలేదు.

తర్వాత అక్షరాలు పడ్డాయి.

'ఉంది. గేటు కాడ కూచోబెట్టా.'

నేను ఏడ్చాను. ఏడుస్తూనే, 'గాలికి ఎదురు వైపు ఉండండి. ఫైరు వాళ్ళొస్తున్నారు' అని కొట్టాను.

'సరే అక్కా. రేపు కొబ్బరికాయ కొట్టకముందే కంప్యూటర్ ముట్టుకున్నా. పర్లేదా'

'పర్లేదు. వెళ్ళు' అని కొట్టాను.

ఫైరు వాళ్ళు వచ్చారు. ఆపరేటరు ముసుగు తొడుక్కుని వాళ్ళతో లోపలికి వెళ్ళి, లీకవుతున్న వాల్వును కట్టేశాడు. మిర్చికి ఏమీ కాలేదు. మనుషులకూ ఏమీ కాలేదు.

మర్నాడు యజమాని నేరుగా మా ఇంటికి వచ్చారు. "ఐదు సార్లు ఫోన్ చేశారంటగా అమ్మా," అన్నారు.

"నాలుగే," అన్నాను.

హూటర్లు రెండు పెట్టించారు, పొగది వేరు, గ్యాసుది వేరు. గ్యాసుదాన్ని ఆపే బొత్తం ఎవరికీ లేకుండా చేయించారు. కెమెరాలకు బొట్టు పక్కన పెట్టాలని, అద్దం మీద కాదని చెప్పారు. పంతులుగారికి పూజ ఆరుబయట ఏర్పాటు చేశారు, పరిగెత్తే పని లేకుండా.

యజమాని వచ్చిపోయిన సాయంత్రమే ఆపరేటరూ భార్యా ప్రసాదం తెచ్చారు. అతను నా లాప్‌టాప్ చూసి, కెమెరా ఎక్కడుందో వెతికి, మూత మీద ఒక మూలగా బొట్టు పెట్టాడు. "ఇది కూడా పనిముట్టే గదక్కా. నిన్న బాణం లాక్కుంటుంటే నిజంగా దయ్యమే అనుకున్నా. పండగ పూట మీరు ముట్టుకుంటారని అనుకోలా."

"నేనూ అనుకోలేదు," అన్నాను.

అతని భార్య నేల మీద కూర్చుని, నా కట్టు చేతిని ఒళ్ళో పెట్టుకుంది. ఆకుపచ్చ చీరే కట్టుకుంది, ఉతికి.

"ఈయన పాయసం తాగి నిద్రపోయాడు వదినా. ఫోన్ ఆపకుండా మోగుతుంటే, మా అమ్మకేదన్నా అయిందేమోనని పరిగెత్తా. తలుపు గడియ మీద చెయ్యేశా. అప్పుడే ఆగిపోయింది. ఆగింది గదా, పూజలో ఉన్నదాన్ని ఎందుకు ముట్టుకోవాల్లే అని వెనక్కి తిరిగా. మళ్ళీ మోగుద్దేమోనని మెట్టు కాడే నిలబడ్డా. హూటరు కొట్టేసరికి గుండె ఆగినంత పనైంది, గేటుకాడికి ఉరికా." నా వేళ్ళు సరిచేస్తూ మామూలుగా అంది. "మీరు ఇంకొక్కసారి చేసుంటే లోపలికి పొయ్యేదాన్నే."

ఇది జరిగి కొన్నేళ్ళైంది. నా పాస్‌వర్డును రిటైరైన రోజే తీసేశారు. చెయ్యి అతుక్కుంది. కానీ ఎవరికైనా ఫోన్ చేసినప్పుడు ఎత్తకపోతే నేను రెండోసారి చెయ్యను. పిల్లలు విసుక్కుంటారు, 'మళ్ళీ చెయ్యొచ్చుగా అమ్మా, స్నానంలో ఉన్నాను' అంటారు. చెయ్యలేను. ఫోను బల్ల మీద బోర్లించి పెట్టి, వాళ్ళంతట వాళ్ళు చేసేదాకా అలా కూర్చుంటాను. అవతల ఏ తలుపు గడియ మీద ఎవరి చెయ్యి ఉందో నాకు కనపడదు కదా.